యాసంగి కోతల తర్వాత మంచుకొండ

ఎల్లారెడ్డి అవతల మా ఊరి కొనుగోలు కేంద్రంల వడ్ల కుప్ప మీద కప్పిన తాడిపత్రి లేపి, లోపలికి చెయ్యి పెట్టి తేమ చూస్తున్న. అప్పుడే జార్జియాకెల్లి బిడ్డ ఫోను చేసింది. ఆమె అక్కడ డాక్టరు చదువుతున్నది. అప్పటికి ఆఖరు సంవత్సరం.

“బాపూ, కోతలు అయినయా?”

“అయినయి. ఇగ కాంటా కావాలె.”

“కాంటా కాంగనే నువ్వూ అమ్మా ఇటు రండ్రి. ఇక్కడ కజ్‌బెక్ అని ఒక కొండ ఉన్నది. ఎన్కట నిప్పు కక్కిన కొండ, ఇప్పుడు మొత్తం మంచే. మనిద్దరం ఎక్కుదాం. ఎక్కి, స్కీల మీద దిగుదాం.”

పక్కన హమాలీలు సంచులు కుడుతున్నరు. ఎండ నెత్తి మీద సుర్రుమంటున్నది. ఆ ఎండల నిలబడి మంచు మాట వింటుంటే ముందు నవ్వు వచ్చింది. ఆ తర్వాత నా ఎడమ కాలు దిక్కు చూసుకున్న.

“నా కాలు సంగతి మరిచినవా బిడ్డా?”

“మరువలే. స్కీ బూటుకు వేళ్లతోని పెద్ద పని లేదు బాపూ. పిక్క గట్టిగుండాలె, మోకాలు గట్టిగుండాలె. అవి నీకు మంచిగనే ఉన్నయి.”

డాక్టరు చదివేటోళ్లతోని వాదించి గెలిచేది లేదు. ఆలోచిస్త అని ఫోను పెట్టేసిన.

నా సంగతి కొంత చెప్పాలె. ఇంటరు కాంగనే ఫౌజుల చేరిన. మా ఊర్లకెల్లి అంతకు ముందు ఎవరూ పోలే. శిక్షణ అయినంక నన్ను కాశ్మీరుకు పంపిన్రు. వడగండ్లు తప్ప ఇంకో రకం మంచు చూడని పిలగాణ్ని నేను. మొదటి పొద్దు బారకు తలుపు తీసి, ఊరంత తెల్లగ ఉంటే, సున్నం పోసిన్రేమో అనుకున్న. రెండో చలికాలం వచ్చేసరికి నా కాళ్ల కింద స్కీలు ఉన్నయి. ఎందుకో ఆ పని నాకు తొందరగ వచ్చింది. తడి పొలం గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచిన కాళ్లకు, జారేదాని మీద నిలబడుడు కొత్త కాదు కావచ్చు. కొన్నేండ్లకు నేనే కొత్తగ వచ్చిన జవాన్లకు నేర్పించేటోణ్ని అయిన.

ఒక చలికాలం నా భార్య, బిడ్డ నా దగ్గరికి వచ్చి ఉన్నరు. బిడ్డకు అప్పుడు పాల పండ్లు ఊడుతున్నయి. ఎవరో అధికారి పిల్లల చిన్న స్కీలు దొరికితే ఆమె కాళ్లకు కట్టి, క్వార్టర్ల సందుల నిలబెట్టిన. పట్టుకునేలోపే జారిపోయి వంటశాల గోడకు పోయి తగిలింది. ఏడుస్తదని ఉరికిన. ముక్కుకు అంటిన మంచు తుడుచుకుని, “ఇంకొకసారి,” అన్నది.

ఆ తర్వాతి సంవత్సరమే గస్తీకి పోయినప్పుడు మా మీద మంచు చరియ పడ్డది. అందరం బయటపడ్డం. తోటోళ్లు పారలతోని తవ్వి ఒక్కొక్కరిని తీసిన్రు. ఆఖరుకు తీసింది నన్ను. అప్పటికే ఎడమ కాలు బూటు ఊడిపోయి ఉండె. దవాఖానల చలికి చచ్చుబడ్డ రెండు వేళ్లు తీసేసిన్రు. తర్వాత మిగిలిన నౌకరి అంత కుర్చీల కూసొని చేసిన. పింఛను వచ్చినంక కామారెడ్డిల ఇల్లు కట్టుకున్నం. నా భార్య అక్కడ కుట్టు మిషన్లు పెట్టి బ్లౌజులు కుట్టిస్తది. నేను పొద్దుగాల ఎల్లారెడ్డి దిక్కు పొలానికి పోయి, పొద్దుమూకినంక వస్త. మంచు మాట ఇంట్ల ఎవరం ఎత్తలే. నేను కొంచెం కుంటుత. ఊర్లె అందరికీ అలవాటయింది.

బిడ్డ జార్జియాకు పోయినంక మొదటి చలికాలం ఒక ఫొటో పంపింది. స్కీల మీద ఉన్నది. తోటి పిల్లలతోని సరదాకు పోయిందేమో అనుకున్న. ఆ తర్వాత ప్రతి సెలవుకు పోతున్నదని, అక్కడి క్లబ్బుల చేరిందని, కొండలు ఎక్కి దిగేటోళ్లతోని తిరుగుతున్నదని మెల్లమెల్లగ తెలిసింది. నాకు సంతోషమైంది. నా భార్యకు చెప్పకుండ నా దగ్గర్నే పెట్టుకున్న సంతోషం అది.

ఆ రాత్రి అన్నం తిన్నంక భార్యకు చెప్పిన. ఆమె చేతిల పళ్లెం అట్లనే పట్టుకుని చూసింది.

“రెండు వేళ్లు ఇచ్చినవు, చాలలేదా?”

“బిడ్డ అడిగింది.”

“బిడ్డ అడిగితే నువ్వు పెద్దమనిషివి గదా, వద్దని చెప్పాలె. ఇద్దరు కలిసి పోయి ఆ కొండ మీద ఏం చేస్తరు?”

ఆమె పొద్దున లేచి దోమకొండకు, వాళ్ల తల్లిగారింటికి పోయింది. పోయేటప్పుడు చెప్పే పోయింది గానీ, ఎప్పుడు వస్తనో మాత్రం చెప్పలే.

ఆమె వద్దన్నా నేను తయారుగ ఉండాలె అనుకున్న. పోకపోతే పోకపాయె, ఒళ్లయినా గట్టి పడుతది. మా పొలం ఎనుక ఒక గుట్ట ఉన్నది. రాళ్లు, పరికి చెట్లు, పైన చిన్న దర్గా. యూరియా సంచిల ఇసుక నింపి ఈపుకు కట్టుకుని, చేతులల్ల రెండు వెదురు కట్టెలు పట్టుకుని ఎండ ముదురకముందే ఎక్కుడు, దిగుడు మొదలుపెట్టిన. మొదటి రోజు సగం దాక పోయి కూలబడ్డ. కొన్నాళ్లకు దర్గా దాక పోయి, కిందికి వచ్చి, మల్ల పోతున్న.

ఊరి మూలకు ఉన్న చాయ హోటల్ల దీని మీద పెద్ద చర్చ నడిచింది.

“అన్నా, గుట్ట మీద ఏమన్న పొలం కొన్నవా, ఎరువు మోస్తున్నవు?” అని ఒకాయన అడిగిండు.

“మొక్కు ఉన్నట్టున్నది,” అని ఇంకొకాయన.

“జార్జియాల మంచు కొండ ఎక్కనీకె,” అని నేను నిజమే చెప్పిన. ఎవ్వరూ నమ్మలే. మొక్కు అన్న మాటనే నిలబడ్డది.

దోమకొండకెల్లి నా భార్య వారం తిరగకముందే వచ్చింది. ఇంటికి పోకుండ సక్కగ పొలానికి వచ్చి, గుట్ట కింద మోటరు డబ్బా దగ్గర నిలబడ్డది. నేను సంచి మోసుకుని పైకెల్లి దిగుతున్న. రాళ్ల నడుమ కట్టెలు ముందట ఆనిచ్చి, మోకాళ్లు వంచి, అడుగు మార్చి అడుగు వేస్తూ కిందికి వచ్చేసరికి ఆమె నా దిక్కే చూస్తున్నది.

“నువ్వు దిగేటప్పుడు కుంటుతలేవు,” అన్నది.

నాకు ఆ సంగతి తెలియదు. ఇంకొకసారి ఎక్కి దిగుమన్నది. దిగిన. ఆమె తల ఊపింది.

“సరే, పోదాం. నేను సుత వస్త. కింద నిలబడి చూస్త. కండ్ల ముంగట ఉంటే భయం తక్కువైతది.”

కాంటా అయినంక కామారెడ్డిల రైలెక్కి, హైదరాబాదుల విమానమెక్కి పోయినం. బిడ్డ ఎదురొచ్చింది. ఎండకు, చలికి బుగ్గలు రాగి చెంబు రంగుకు వచ్చినయి. నడిచేటప్పుడు పాదాలు గట్టిగ, వెడల్పుగ వేస్తున్నది. అట్ల నడిచేటోళ్లను నేను ఫౌజుల చూసిన, కొండల మీద బతికినోళ్లు అట్ల నడుస్తరు.

కజ్‌బెక్ కింద ఒక చిన్న ఊరు. అక్కడ ఒక ముసలామె ఇంట్ల అర్ర తీసుకున్నం. నా భార్యకు, ఆమెకు ఒక్క మాట కలువది. అయినా మొదటి పొద్దే ఇద్దరు పొయ్యి దగ్గర నిలబడి, ఒకామె రొట్టె చేస్తుంటే ఇంకొకామె చింతపండు పిసుకుతున్నది. ఆ పొద్దంత కొండ మబ్బులల్ల ఉండె. సాయంత్రం మబ్బు తొలిగింది. ముసలామె మమ్ముల పిలిచి కిటికీలకెల్లి చూపించింది.

ఇండ్ల మీద, పచ్చటి గడ్డి మీద, నల్లటి రాళ్ల మీద, వాటన్నిటి పైన కొండ ఒక్కటే తెల్లగ నిలబడ్డది. పైకి పోయిన కొద్ది సన్నబడి మొన తేలింది. దాని ముఖం మా దిక్కే ఉన్నది. ఎంత నిటారుగ ఉన్నదంటే అంత మంచు దానికి అంటుకుని ఎట్ల నిలబడ్డదో అర్థం కాలే.

“ఇదా?” అన్నది నా భార్య.

“ఇదే,” అన్నది బిడ్డ.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ముసలామె దగ్గర దుర్భిణి ఉన్నదా అని బిడ్డతోని అడిగించింది. ఉన్నది. అప్పటికెల్లి ఆ దుర్భిణి నా భార్య మెడలనే ఉన్నది.

ముందుగాల పక్క లోయల, జనం స్కీ ఆడే కొండల మీద అలవాటు చేసుకున్న. సీజను ఆఖరు, జనం తక్కువ. మొదటి పొద్దు నిలబడ్డ దగ్గర్నే పడ్డ. లేచి రెండు మలుపులు తిరిగి మల్ల పడ్డ. నా పక్కకెల్లి నాకు మనుమలుంటే వాళ్ల ఈడుండే పోరగాండ్లు పోతున్నరు. బిడ్డ నవ్వలే. నా ముందట మెల్లగ పోతూ, “నా ఎనుక రా బాపూ, నేను తిరిగిన కాడనే తిరుగు,” అన్నది. సరిగ్గ ఇట్లనే నేను జవాన్లకు చెప్పేది. రెండు మూడు రోజులకు మోకాళ్లకు పాత సంగతి యాదికొచ్చింది. బూటు లోపల వేళ్లు లేని జాగల బిడ్డ మెత్త గుడ్డ పెట్టి గట్టిగ కట్టింది. ఆమె చెప్పింది నిజమే. ఆ గట్టి బూటుల నా రెండు కాళ్లు సమానమైనయి.

ఆఖరు పొద్దు బిడ్డను ఒక్కదాన్నే నిటారు వాలు మీదికెల్లి దిగుమని, నేను పక్కన నిలబడి చూసిన. పైన ఒక్క క్షణం ఆగి, కిందికి పడ్డట్టే వచ్చింది. ప్రతి మలుపు దగ్గర స్కీలు రెండు గాలిల లేస్తున్నయి, మల్ల మంచును కోసుకుంట ఆనుతున్నయి. తల మాత్రం కదలలే. నెత్తిన నీళ్ల బిందె పెట్టినా తొణకదు. నాకంటే మంచిగ చేస్తున్నదని నాకు ఆ నిమిషమే తెలిసింది. నా బిడ్డ నాకంటే ఎన్నో అడుగులు ముందట ఉన్నది. కడుపు నిండిపోయింది.

మాతోని దారి చూపే మనిషి ఒకాయన వచ్చిండు. అక్కడాయన, గడ్డం, మాట తక్కువ. బిడ్డ ఆయనతోని వాళ్ల బాసలనే మాట్లాడుతది. స్కీలు ఈపుకు కట్టుకుని గడ్డి దాటి, మంచు మొదలైన కాడ కాళ్లకు తొడిగి, గ్లేషియర్ అంచున కొండ ఎక్కేటోళ్లు ఆగే రాతి కట్టడం దాక పోయి అక్కడ ఆగినం. గాలి పలుచన, నిద్ర పట్టదు, అన్నం సహించదు. ఇవి నాకు తెలిసినవే. ఒక రోజు అక్కడనే చాయ తాగుకుంట కూసున్నం. రెండో రోజు ఆకాశం తేటగున్నది. చీకటితోనే బయలుదేరినం.

ఎక్కేటప్పుడు స్కీల అడుగుకు పట్టీలు అంటిస్తరు. వాటి బొచ్చు ఒక్క దిక్కే జారుతది. ముందుకు పోనిస్తది, ఎనుకకు జారనియ్యది. ముగ్గురం ఒక్క తాడుకు కట్టుకుని వరుసగ నడిచినం. గ్లేషియర్ అంటే మంచు నది. నిలబడ్డట్టే కనబడుతది గానీ ఏండ్లకేండ్లు కిందికి కదులుతనే ఉంటది. కదిలిన కాడ పగులుతది. ఎండకాలం మా చెరువు అడుగు నెర్రెలు బాసినట్టే. ఆ నెర్రెల్ల మనిషి కాలు ఇరుకుతది. ఈ నెర్రెల్ల మనిషే పోతడు. ముందట ఆయన కట్టెతోని పొడిచి చూసుకుంట పోతున్నడు, మేం ఆయన అడుగు తప్పకుండ పోతున్నం.

తెల్లారేసరికి కొండ ఎనుక దిక్కు పైకి వచ్చినం. ఆఖరు వాలు స్కీలకు సాగదు. వాటిని ఈపుకు కట్టుకుని, బూట్లకు ఇనుప ముండ్లు తొడుక్కుని, చేతిల మంచు గొడ్డలి పట్టుకుని ఎక్కినం. నాలుగడుగులు వేసుడు, ఊపిరి తీసుకునుడు. నా ఎనుక బిడ్డ ఉన్నది. నేను ఆగితే ఆమె ఆగుతది. ఒక్కసారి కూడ “పోదాం” అనలే.

పైన జాగ చిన్నగున్నది, మా ఇంటి వాకిలంత. కింద ఊరు అగ్గిపెట్టెలు సల్లినట్టున్నది. బిడ్డ ఫోను తీసి అమ్మకు చేసింది. సిగ్నల్ దొరికింది.

“కనబడుతున్నమా అమ్మా?”

“మూడు చీమలు కనబడుతున్నయి. మీ బాపు ఏడి?”

నేను చెయ్యి ఊపిన.

“ఆఁ, కనబడ్డడు. నెత్తికి టోపీ పెట్టుకున్నడా?”

పెట్టుకున్నడని బిడ్డ చెప్పింది.

వెంటనే దిగలే. ఎండకాలం మొదట్ల ఇటువంటి కొండ మీద మంచు రాత్రంత గడ్డకడుతది. పొద్దుగాల అది గాజు లెక్క ఉంటది, స్కీ అంచు దిగదు. పొద్దెక్కి ఎండ తాకితే పైన రెండు వేళ్ల మందం మెత్తబడి మక్క గట్క లెక్క అయితది. దిగనీకె అదే మంచి టైము. అది దాటితే లోపల దాక తడిసి చరియలు ఇరుగుతయి. ఆ నడిమి టైము కోసం మేం కొండ కొన మీద, గాలికి అడ్డంగ గుంత తవ్వుకుని కూసున్నం. బిడ్డ మాటిమాటికి లేచి, మేం దిగాల్సిన కొండ ముఖం అంచుకు పోయి మడిమతోని తన్ని చూస్తున్నది.

“ఇంకా కాలే బాపూ.”

మల్ల కొంత సేపు.

“ఇంకా కాలే.”

మల్ల ఒకసారి పోయి, పిడికిట్ల కొంత మంచు తీసుకొచ్చి నా అరచేతుల పోసింది. గింజలు గింజలుగ ఉన్నది. వత్తితే కూడుతున్నది, వదిలితే ఇడిపోతున్నది.

“అయింది,” అన్న.

“అయింది,” అన్నది. దారి చూపే ఆయన కూడ తొక్కి చూసి, తల ఊపి, స్కీలు తొడిగిండు.

ఒక్కొక్కరమే దిగాలె. సగం కింద ముఖానికి ఒక పక్కన రాళ్ల గుట్ట పొడుసుకొచ్చింది, దాని చాటుకు పోయి ఆగాలె. ముందుగాల ఆయన పోయిండు. తర్వాత బిడ్డ. నా మెడల వాకీటాకీ కట్టి, “నేను కింద చేరినంక చెప్త, అప్పుడు రా,” అన్నది. అంచు మీద నిలబడి, ఎనుకకు తిరిగి చూసి నవ్వింది. పోయింది. రెండు మలుపుల తర్వాత నాకు కనబడలే. సప్పుడు మాత్రం వస్తున్నది, కొడవలితోని వరి కోసినట్టు, ఒకటే తాళం మీద. తర్వాత అది కూడ ఆగిపోయింది.

ఒక్కణ్నే ఉన్న. గాలి. స్కీల మొనలు గాలిలకు చూస్తున్నయి.

“రా బాపూ,” అని మెడల వాకీటాకీ పలికింది.

మొదటి మలుపు తిరిగిన. పట్టు దొరికింది. రెండోది. కొండ నా భుజానికి తాకుతున్నంత నిటారుగున్నది. మలుపు తిరగాలంటే ఒళ్లంత కిందికి, ఖాళీలకు ఒంచాలె. ఒంచనీకె మనసు ఒప్పదు. ఒంచకపోతే స్కీ తిరగది. మూడు, నాలుగు, ఐదు. కాళ్లు చెప్పినట్టు వింటున్నయి.

అప్పుడు ఎనుకకెల్లి సప్పుడు వచ్చింది. చాటల బియ్యం చెరిగినట్టు, సన్నగ, మెత్తగ. నా స్కీలు కోసిన పైపొర మంచు గింజలు నా ఎనుకనే జారివస్తున్నయి. నా మోకాళ్ల దాక వచ్చి తాకినయి. ఆ సప్పుడు నాకు తెలుసు. మా మీద చరియ పడే ముందట వినబడ్డది అదే. నేను స్కీ అంచులు గట్టిగ గుద్ది, మంచు గొడ్డలి వాలుల దింపి నిలబడిపోయిన. పైకి పోలేను, కిందికి పోలేను. గస్తీ నాటి ఆ తెలుపు, ఆ బరువు, ఒక కాలికి బూటు లేని ఆ చలి మొత్తం వచ్చి మీద కూసున్నది.

వాకీటాకీల బిడ్డ గొంతు వచ్చింది. తొందర లేదు, భయం లేదు. దవాఖానల రోగి మంచం పక్కన కూసొని మాట్లాడినట్టు.

“బాపూ, కనబడుతున్నవు. మంచిగ నిలబడ్డవు. ఆ సప్పుడు వింటున్నవు గదా?”

“వింటున్న.”

“అది పైపొరనే. కింద గట్టిగున్నది, నేను చూసిన. దాన్ని పోనియ్యి. దాని తొవ్వ దానిది. అది పోయినంక నువ్వు పక్కకెల్లి రా.”

చూసిన. నిజమే. గింజలన్నీ నా కాళ్ల నడుమకెల్లి, పక్కకెల్లి, ఎండల మెరుసుకుంట పారిపోతున్నయి. కిందికి పోయిన కొద్ది పలుచబడుతున్నయి. సప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. నేను నిలబడ్డ మంచు కదలలే.

“పోయింది,” అన్న.

“ఆఁ. ఇప్పుడు రా.”

గొడ్డలి పీకి, పక్కకు జరిగి మలుపు తిరిగిన. గింజలు మల్ల లేచినయి. ఈసారి రెండు మలుపులకొకసారి పక్కకు తప్పుకుని వాటిని ముందటికి పోనిచ్చి, వాటి ఎనుక నేను పోయిన. అవి ముందు, నేను ఎనుక. భయం ఎప్పుడు పోయిందో తెలువది. ఒక మలుపు దగ్గర ఇంకా ఉన్నది, దాని తర్వాతి మలుపు దగ్గర లేదు. రాళ్ల గుట్ట దగ్గరికి వచ్చి ఆగంగనే బిడ్డ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆయన సంచిలకెల్లి ఎండు పండ్లు తీసి నా చేతుల పెట్టిండు.

అక్కడికెల్లి కిందికి ఇంకొక సగం. ముఖం ముగిసి గ్లేషియర్ మొదలయ్యే కాడ అడ్డంగ పెద్ద నెర్రె ఉన్నది. కింది గడ్డ పైగడ్డ కంటే తక్కువ ఎత్తుల ఉన్నది కాబట్టి వేగంగ వచ్చి దుంకాలె. బిడ్డ చూపించింది, దుంకింది. నేను రాంగ దాని లోపలికి చూడొద్దనుకున్న గానీ చూసిన. లోపల నీలంగున్నది. దుంకిన. అవతల గడ్డ మీద రెండు కాళ్లు ఒక్కసారి పడ్డయి. పడలే, నిలబడ్డ.

ఇగ అక్కడికెల్లి భయపడేది ఏం లేదు. వెడల్పుగ, తెల్లగ, ఎండల మెత్తబడ్డ మంచు. నెర్రెలు లేని తొవ్వ ఆయన చూపిస్తున్నడు. బిడ్డ, నేను పక్కపక్కన పెద్ద పెద్ద మలుపులు తిరుగుకుంట పోయినం. మా నీడలు ఒకదాన్నొకటి దాటుకుంట పోతున్నయి. నా నోట్లెకెల్లి కేక వచ్చింది. జీతగాని లెక్క, ఎడ్లను అదిలించినట్టు. “ఓ... హో...” అని. బిడ్డ కూడ అందుకున్నది. కొండంత ఆ కేక తిరిగొచ్చింది. ఫౌజుల అన్ని ఏండ్లు స్కీ చేసిన గానీ, ఒక్కనాడు కూడ అట్ల ఊకెనే, సంతోషానికి చేయలే.

మంచు అయిపోయి గడ్డి వచ్చినంక స్కీలు భుజాన వేసుకుని నడిచినం. ఊరి మొదట్ల రాతి గోడ పక్కన నా భార్య నిలబడ్డది. పక్కన ముసలామె, చేతుల వేడి రొట్టె గుడ్డల చుట్టుకుని. నా భార్య నా బూట్ల దిక్కు చూసింది, ముఖం దిక్కు చూసింది. తర్వాత నన్ను వదిలి బిడ్డను అడిగింది.

“నడుమ ఒక కాడ మీ బాపు ఆగిండు. చానసేపు ఆగిండు. ఎందుకు?”

బిడ్డ నా దిక్కు చూసింది. నేనే చెప్పిన.

“భయమైంది.”

“మల్ల?”

“బిడ్డ మాట్లాడింది. పోయింది.”

నా భార్య బిడ్డ తలను దగ్గరికి తీసుకుని, జుట్టుల మంచు దులిపింది. “నాకు సుత అక్కడనే భయమైంది,” అన్నది. “ఆ ఎనుక నువ్వు కదిలినవు చూడు, అప్పుడు ఈమెను గట్టిగ పట్టుకున్న.” ముసలామె నవ్వుకుంట తన దండ చేయి చూపించింది. నా భార్య వేళ్ల గుర్తులు ఎర్రగ ఉన్నయి.

నెల తిరగకముందే కామారెడ్డికి వచ్చేసినం. బిడ్డ పరీక్షలకు అక్కడనే ఉన్నది. తెల్లారి నేను పొలానికి బయలుదేరితే నా భార్య తను కూడ వస్తనన్నది. బస్టాండుల ఎల్లారెడ్డి బస్సెక్కినం. ఎండకు సీట్లు కాలుతున్నయి. ఆమె కిటికీ పక్కన కూసున్నది, నేను ఆమె పక్కన. ముందట సీట్ల ఉన్న ఆడామె ఎనుకకు తిరిగి, మీ ముఖాలు గింత నల్లగయినయి, ఎక్కడికి పోయొచ్చిన్రు అని అడిగింది.

“మంచు కొండకు,” అన్నది నా భార్య.

“మంచుకు నల్లగయితరా?”

“అయితరు. ఎండ మంచు మీద పడి ఎనుకకు తిరిగి కొడుతది.” ఇగ మొదలుపెట్టింది. కొండ ఎంత నిటారుగున్నదో అరచెయ్యి నిలబెట్టి చూపించింది. నెర్రె ఎంత వెడల్పో రెండు చేతులు చాపి చూపించింది. నేను దుంకినప్పుడు ఉన్నదాని కంటే అది చాన పెద్దగయింది. అటు సీట్ల కూసున్నోళ్లు కూడ వంగి వింటున్నరు. కండక్టరు టికెట్లు కొట్టుకుంట వచ్చి అక్కడనే ఆగిండు.

“అంత ఎత్తుకెల్లి ఎట్ల దిగిన్రమ్మా?” అని అడిగిండు.

“ముందుగాల బిడ్డ దిగింది,” అన్నది. “తర్వాత ఈయన. నడుమ మంచు జారింది, ఆగినం. దాన్ని పోనిచ్చినం. మల్ల దిగినం.”

ఆగినం, పోనిచ్చినం, దిగినం. నేను ఏం సవరించలే. లింగంపేట దాటింది. బస్సు గుంతలల్ల ఎగిరెగిరి పడుతున్నది. ఆమె ముందటి సీటు కమ్మి ఒక చేత్తోని పట్టుకుని, ఇంకొక చేత్తోని మలుపులు చూపించుకుంట, కథల నెర్రె దాక వచ్చింది.